నీటి అడుగున ఊరు, నీరు పారే చేను

గ్రీసు దీవుల నడుమ తెల్లని పడవల్లో రోజుల తరబడి విహరించేవారిని చూసి మన పిల్లలు ముచ్చటపడుతుంటారు. కృష్ణమ్మ మధ్య మనకూ ఒక దీవి ఉంది. మిరప కల్లాలు ఖాళీ అయ్యాక, చిలకలూరిపేట ప్రాంతం నుండి మేము కుటుంబసమేతంగా విజయపురి సౌత్ చేరి, నాగార్జునకొండకు లాంచీ ఎక్కాము.

ఇన్నేళ్ళూ నానీ ఆ వైపు రానన్నారు. ఆమె పుట్టిన ఊరు ఆ నీటి అడుగునే ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. జలాశయం నిండకముందే పురావస్తు శాఖ లోయను తవ్వి, ఇక్ష్వాకుల కాలపు శిల్పాలను కొండపైకి చేర్చి మ్యూజియం నెలకొల్పింది. అనుపు వద్ద తిరిగి నిర్మించిన మెట్ల రంగస్థలాన్ని చూసినవారికి గ్రీకు, రోమను కట్టడాలు గుర్తుకొస్తాయి.

కొండపై జుహర్ నమాజును ఖస్ర్ చేసుకున్నాము. మా చిన్నవాడు అడిగాడు: "నానీ! రాళ్ళను పైకి తెచ్చారు కదా, మీ ఇంటిని ఎందుకు తేలేదు?"

నానీ చాలాసేపు నీటినే చూశారు. "మన చేనుకు నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి బేటా?"

"కుడి కాలువ నుంచి."

"ఆ కాలువకు నీళ్ళు ఇక్కడి నుంచే. మా ఇల్లు మునిగితేనే మీ చేను తడిసింది."

పంటలో ఉష్ర్ తీసే ప్రతిసారీ ఇప్పుడు ఆ మాట పిల్లలకు గుర్తుచేస్తున్నాము. మన బస్తాలో ఎవరెవరి త్యాగం ఉందో తెలిసినప్పుడే అల్లాహ్‌కు చేసే షుక్ర్ నిండుగా ఉంటుంది.