రిపోర్ట్ నార్మల్, మరి కడుపునొప్పి?



పొద్దున్నే గ్లాసుడు పాలు తాగి బస్సెక్కే పిల్లల్లో ఒకరిద్దరు మొదటి పీరియడ్ సగంలోనే పొట్ట పట్టుకుంటారు. ఇంటికి ఫోన్ చేస్తే, "మేడమ్, యూరిన్ టెస్ట్ చేయించాం, షుగర్ లేదు, అంతా నార్మల్. వాడిది నాటకం" అంటారు. అలా అనిపించుకున్న ఐదో తరగతి బాబు ఒకడు ఇప్పుడు నొప్పి వస్తే నాకూ చెప్పడం లేదు. డెస్క్ మీద తల పెట్టుకుని ఊరుకుంటాడు.

సైన్స్ టీచర్‌గా ఆ "నార్మల్" గురించి చెప్పాలనిపించింది. పాలలోని చక్కెర పేరు లాక్టోజ్. 200 మి.లీ. ఆవుపాలలో దాదాపు 10 గ్రాములు ఉంటుంది. చిన్నపేగులోని లాక్టేజ్ అనే ఎంజైమ్ దాన్ని విడగొట్టాలి. ఎంజైమ్ చాలకపోతే లాక్టోజ్ అలాగే పెద్దపేగుకు చేరుతుంది, అక్కడి బాక్టీరియా దాన్ని పులియబెడతాయి. అందుకే గ్యాస్, ఉబ్బరం, నొప్పి, ఒక్కోసారి విరేచనాలు. గొడవంతా పేగులోనే. పైగా యూరిన్ షుగర్‌కు వాడే స్ట్రిప్ గ్లూకోజ్‌నే పట్టుకుంటుంది, పాలచక్కెరను కాదు.

బెనెడిక్ట్ పరీక్ష (నీలం ద్రావణం వేడిచేస్తే ఇటుక రంగుకు మారేది, మీరూ చదువుకునే ఉంటారు) లాక్టోజ్‌ను, గెలాక్టోజ్‌ను కూడా చూపిస్తుంది. పాలిచ్చే తల్లి మూత్రంలో లాక్టోజ్ కనిపించడం మామూలే. పాలు తాగుతున్న పసికందు మూత్రంలో స్ట్రిప్ ఏమీ చూపకుండా బెనెడిక్ట్ రంగు మారితే మాత్రం డాక్టర్లు గెలాక్టోసీమియా అనే అరుదైన జన్యులోపాన్ని అనుమానిస్తారు, తల్లిపాలు కూడా ఆపిస్తారు. అక్కడ యూరిన్ టెస్ట్ ప్రాణం నిలబెట్టగలదు. మన ఐదో తరగతి బాబు ఉబ్బరానికి అది సరైన పరీక్ష కాదు. లాక్టోజ్ తాగించి ఊపిరిలో హైడ్రోజన్ కొలిచే పరీక్ష వేరే ఉంది, పసిపిల్లలకైతే మలపరీక్ష చేస్తారు.

ఊపిరి పరీక్ష అన్ని ఊళ్లలో దొరకదు. డాక్టర్ సలహాతో కొన్నాళ్లు పాలు ఆపి, మళ్లీ ఇచ్చి చూడటమూ పద్ధతే. ఎముకల సంగతేమిటని అమ్మమ్మలు కంగారుపడతారు, అదీ న్యాయమే. పెరుగులో లాక్టోజ్ కొంత తగ్గుతుంది కనుక చాలామందికి పడుతుంది. రాగిజావ ఎలాగూ ఉంది. బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం పడినా, నొప్పితో రాత్రిళ్లు నిద్ర లేస్తున్నా ఇవేవీ ప్రయత్నిస్తూ కూర్చోకండి, వెంటనే చూపించండి.

డాక్టర్ దగ్గరకు వెళ్లేముందు స్కూల్ డైరీ వెనక పేజీలో ఒక వారం రెండే రాయండి: పాలు తాగిన టైం, నొప్పి వచ్చిన టైం. మొదటి పీరియడ్‌లో వస్తే నేను రాస్తాను.