బల్గేరియాలో తలయూపు

దేశాంతరమునకు బోవువారు ఆ దేశభాషలో నాలుగు మాటలైనను నేర్చుకొని పోవుదురు. తలయూపుటను మాత్రము ఎవ్వరును నేర్చుకొనరు. అది పుట్టుకతో వచ్చిన విద్యయని లోకుల తలంపు. బల్గేరియాలో ఆ తలంపు ఒక్క పూటయైనను నిలువదు.

అచ్చట ఔననుటకు తలను ఇరుప్రక్కలకు ఊపుదురు. కాదనుటకు తలను పైకెత్తి దించుదురు. ఔనను మాట "ద". కాదను మాట "నే".

ప్లోవ్‌దివ్ మిక్కిలి ప్రాచీనమైన పట్టణము. కొండమీద రోమనుల కాలపు నాటకశాల కలదు. వేసవిలో అందు నేటికిని ప్రదర్శనములు జరుగును. దానిని చూచి దిగివచ్చి ఒక చిన్న భోజనశాలలో కూర్చుంటిమి. చిక్కుడుగింజలతో కాచు చారు ఆ దేశపువారికి ప్రీతిపాత్రము. మాంసము లేకుండ కాచుటయు కలదు, వేసి కాచుటయు కలదు. మా వదినగారు బుద్ధెరిగిన నాటినుండి మాంసము ముట్టని మనిషి. ఆమె గిన్నె చూపి, మాంసమునకు ఆ భాషలో గల పేరుతో "మెసో?" అని యడిగిరి. వడ్డించు నామె చిఱునవ్వుతో తలను మెల్లగా ఈ ప్రక్కకు ఆ ప్రక్కకు ఊపెను.

"లేదట వదినా, నిశ్చింతగా తినవచ్చును" అనుచు వదినగారు చెంచా చేతబట్టిరి.

"తొందరపడకండి వదినగారూ, నోటితో చెప్పించుదము" అని మేము "ద? నే?" అని మరల నడిగితిమి. "ద, ద" అనుచు ఆమె మునుపటికంటె ఉత్సాహముగా తలను అడ్డముగా ఊపెను. గిన్నె ప్రక్కకు జరిగినది. రొట్టెయు, తెల్లని జున్ను తురిమి చల్లిన కీరదోస, టొమాటో ముక్కలును ఆనాటికి మా భోజనము.

నిజమునకు ఆ యూపు మన కంత క్రొత్తదియు కాదు. "వంట అయినదా?" యన్నచో "ఆఁ" అనుచు మనము తలను భుజమువైపునకు వాల్చుట లేదా? దానిని చూచి పాశ్చాత్యులు ఔనో కాదో తెలియక తికమకపడుదురు.

ఈ విపరీతమునకు కారణముగా అచ్చట నొక కథ చెప్పుకొందురు. తురుష్కులు కంఠమున కత్తినుంచి మతము మార్చుకొందువా యని యడుగగా, పైకి ఔనని తల దించి, మనస్సున కాదనుకొనిరట. కథ వీరోచితమే గాని మాకు నమ్మిక కలుగలేదు. తురుష్కులును ఔననుటకు తలను అడ్డముగా ఊపుదురని డార్విన్ 1872లో ప్రకటించిన గ్రంథమున వ్రాసియున్నాడు. పసిబిడ్డ పాలు వలదన్నప్పుడు మొగము ప్రక్కకు త్రిప్పుకొనుటనుండియే కాదను తలయూపు పుట్టియుండవచ్చునని ఆయన యూహ. బిడ్డల నెత్తిన తల్లులకు ఇది సబబుగనే తోచును. అయినను బల్గేరియా బిడ్డలును పాలు వలదన్నప్పుడు మొగము త్రిప్పుకొనువారే కదా! మన భరతముని శిరోభేదములను 13గా లెక్కించెను. నటులకు ఆ విద్యను గురువు నేర్పును. మనకు ఇల్లు నేర్పును.

ఇంకొక చిక్కు కలదు. పరదేశీయులతో మెలగు బల్గేరియనులు కొందఱు మనకొఱకై తమ యలవాటును మార్చుకొని, పాశ్చాత్యులవలె తల యూపుదురు. ఎదుటివారు ఏ పద్ధతిలో నున్నారో తెలియదు. కావున మాటయే శరణ్యమని వదినగారును మేమును నిశ్చయించుకొంటిమి.

సోఫియా నగరమునుండి సుమారు 300 కిలోమీటర్లు దక్షిణముగా బస్సులో పోయి గ్రీసుదేశపు థెస్సలోనికి చేరితిమి. ఆ నిశ్చయమును అచ్చటనే విడువవలసి వచ్చెను. గ్రీకుభాషలో "నే" యనగా ఔను! కాదను మాట "ఓహి". నోరు విప్పక కాదనువారు కనుబొమ్మలెత్తి, తల వెనుకకు వాల్చి, నాలుకతో చప్పుడు చేయుదురు. ఇంచుమించు మన "ప్చ్" వంటిదే. బస్సు ఇటు వచ్చునా యని యడుగగా ఒక వృద్ధురాలు అట్లు చేసెను. "పాపము, మనలను చూచి జాలిపడుచున్నది" అని వదినగారు కరగిపోయిరి. ఆమె జాలిపడలేదు, బస్సు రాదని చెప్పినది.

గ్రీకుల యెదుట మఱింత జాగ్రత్త వహింపవలసినది చేతి విషయమున. వ్రేళ్లు విప్పి అరచేయి ఎదుటివారి మొగమువైపు చూపుట వారికి గొప్ప తిట్టు. నేరస్థుల మొగమున మసి పూయు పూర్వాచారమునుండి అది వచ్చినదని చెప్పుదురు. మన దేవతల అభయహస్తమును తలంచుకొని మాకు కష్టముగానే యుండెను. అంగడిలో అయిదు అని చూపుటకును ఆ చేయి పనికిరాదు. ఈ సంగతి వినిన పిదప వదినగారు అరచేతిని తనవైపునకు త్రిప్పుకొని, "పెందె" యని గ్రీకుమాట పలికి, అయిదు అంజూరపు పండ్లు కొనిరి. అంగడివాడు ఆఱవపండు ఊరకయే చేర్చి యిచ్చెను.