నియమం తప్పని పిల్లవాడు

అసర్ నమాజు తరువాత మా మద్రసాలో పిల్లలకు ఇంగ్లీషు చదవడం నేర్పుతుంటాము. ‘ఐ’ అనే అక్షరం తరువాత హల్లులు వచ్చి మాట ముగిస్తే దానిని ‘ఇ’ అని హ్రస్వంగా పలకాలని మొదట్లోనే చెప్పాము. సిట్, మిల్క్, లిస్ట్ అంటూ పిల్లలు చక్కగా చదివారు.

ఒకనాడు 10 ఏళ్ల బాలుడు ‘ఫైండ్’ను ‘ఫిండ్’ అని చదివాడు. తోటివారు నవ్వారు. మేమూ కసిరాము. “హజ్రత్, మీరు చెప్పినట్టే చదివాను కదా!” అన్నాడు మెల్లగా. మరునాటి నుండి ఆ బాలుడు గొంతు విప్పలేదు.

తప్పు మాదేనని అప్పుడు తెలిసింది. సూత్రం చెప్పాము, దానికి లోబడని మాటలను చెప్పలేదు. ఖాయిదా బోధించేటప్పుడు మేము ఇలా చేయము. ‘అల్ ఖమర్’లో లామ్ పలుకుతుందనీ, ‘అష్ షమ్స్’లో వ్రాసి ఉన్నా పలకదనీ, ఖమరీ అక్షరాలు 14, షమ్సీ అక్షరాలు 14 అనీ ముందే నేర్పుతాము. తడబడుతూ, శ్రమపడి ఖుర్ఆన్ పఠించే వ్యక్తికి రెండింతల పుణ్యఫలం ఉందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. ఆ బోధను పిల్లలకు వినిపించే మేమే ఒక పసివాని తడబాటును సహించలేకపోయాము.

ఇంగ్లీషు తీరుకూ కారణముంది. సుమారు వెయ్యేళ్ల క్రితం ఆ భాషీయులు ఎన్-డి, ఎల్-డి జంటల ముందు అచ్చును సాగదీసి పలికారు. ఆ దీర్ఘాలు కాలక్రమంలో ‘ఐ’, ‘ఓ’ ధ్వనులుగా మారాయి. వ్రాత మాత్రం పెద్దగా మారలేదు. జంట వెంట మూడవ హల్లు చేరిన చోట అచ్చు సాగలేదు. అందుకే ఒక్కరైతే ‘చైల్డ్’, పలువురైతే ‘చిల్డ్రన్’.

మరునాడు పిల్లలందరి ముందు ఆ బాలునితో, “నువ్వు నియమం తప్పలేదు, మేమే సగం చెప్పాము” అన్నాము. పిదప మాటలను కుటుంబాలుగా పలకపై వ్రాశాము: కైండ్, ఫైండ్, మైండ్, వైల్డ్, మైల్డ్, చైల్డ్, ఓల్డ్, కోల్డ్, గోల్డ్, మోస్ట్, పోస్ట్. గాలి అనే అర్థంలో ‘విండ్’, అలాగే ‘కాస్ట్’, ‘లాస్ట్’ ఈ కుటుంబాలలో చేరవని కూడా చెప్పాము.

తల్లిదండ్రులకు మా విన్నపం ఒక్కటే. బిడ్డ తప్పు చదివినప్పుడు కసరకముందు, ఏ నియమాన్ని అనుసరించి అలా చదివాడో అడగండి. తరచుగా ఆ తప్పు వెనుక నేర్చుకున్న పాఠమే ఉంటుంది.

ఆ బాలుడు ఇప్పుడు కొత్త మాట ఎదురైతే ఆగి, “హజ్రత్, ఇది ఆ కుటుంబంలోదేనా?” అని అడుగుతున్నాడు. అల్‌హమ్దులిల్లాహ్, మళ్లీ గొంతు విప్పాడు.