చెట్లను అడిగి కట్టినట్టున్న గుడులు

చైనాలోని సిచువాన్‌లో, చెంగ్డూ నగరానికి దగ్గర్లో ఛింగ్‌చెంగ్ కొండ ఉంది. తావో మతం పుట్టిల్లుగా చెప్పుకునే చోట్లలో ఇదొకటి. క్రీ.శ. రెండో శతాబ్దంలో జాంగ్ దావోలింగ్ ఇక్కడే బోధించాడంటారు. ఆయన పేరుతో ఉన్న గుడి ఆవరణలో ఓ పెద్ద గింకో చెట్టుంది. దాన్ని ఆయనే నాటాడని అక్కడివాళ్ల నమ్మకం.

నా మనసు దోచుకున్నవి మాత్రం దారి పొడవునా ఉన్న చిన్న మండపాలు. బెరడు తీయని దుంగలే స్తంభాలు, చెట్టు బెరడే పైకప్పు. కొన్ని చోట్ల మండపం ఎక్కడ మొదలైందో, అడవి ఎక్కడ ఆగిందో తెలియదు. మెట్ల మీద నాచు, పైన గుబురుగా ఆకులు, మిట్టమధ్యాహ్నం కూడా పచ్చటి నీడే.

2008 భూకంపంలో ఇక్కడి గుడులు బాగా దెబ్బతిన్నాయి. ఓపిగ్గా మళ్లీ నిలబెట్టుకున్నారు.

ఆ దగ్గర్లోనే దుజియాంగ్యెన్ అనే నీటి కట్టడం ఉంది. క్రీ.పూ. 256 ప్రాంతంలో లీ బింగ్ అనే అధికారి మిన్ నదికి అడ్డంగా ఆనకట్ట కట్టకుండా, ప్రవాహాన్ని రెండు పాయలుగా చీల్చి పొలాలకు నీళ్లు మళ్లించాడు. అది ఇప్పటికీ పనిచేస్తోంది! యునెస్కో 2000లో ఈ కొండనూ ఆ నీటి కట్టడాన్నీ కలిపే వారసత్వ జాబితాలో చేర్చింది.

ప్రకృతితో తగువు పెట్టుకోకుండా కట్టినవి ఎంతకాలం నిలుస్తాయో చూడాలంటే, ఆ రెండు చోట్లకూ వెళ్లండి. ఒకటి చూసి వెనక్కి రాకండి.