ఫోమ్ చుడితే సరిపోతుందా?

స్కాట్లాండ్ కొండల్లో చలికాలం తిరిగే క్యాంపర్‌వ్యాన్ల వాళ్లు కొందరు బండి కింది నీళ్ల ట్యాంకుకు ఫోమ్ చుట్టి నిశ్చింతగా ఉంటారు. ఫోమ్ వేడిని పుట్టించదు, ఉన్నదాన్ని మెల్లగా పోనిస్తుంది, అంతే. పైగా ముందు గడ్డకట్టేది ట్యాంకు కాదు. 0 డిగ్రీల నీరు మంచు కావాలంటే కిలోకు 334 కిలోజౌళ్ల వేడి వదలాలి. 70 లీటర్ల ట్యాంకు పూర్తిగా గట్టిపడటం ఒక్క రాత్రిలో తేలే పని కాదు. సన్నటి పైపు, డ్రెయిన్ కుళాయి మాత్రం చాలా ముందే బిగుసుకుంటాయి. నీరు మంచైతే సుమారు 9 శాతం ఉబ్బుతుంది కనుక పగిలేవీ అవే.

హీటర్ ప్యాడ్ పెట్టొచ్చు కదా అంటారు. 40 వాట్ల ప్యాడ్ 14 గంటలు నడిస్తే 12 వోల్టుల బ్యాటరీలోంచి దాదాపు 47 ఆంపియర్-అవర్లు లాగేస్తుంది, అదీ పైపుల్ని గాలికి వదిలేసి. దానికన్నా ట్యాంకు ఖాళీ చేసి, కుళాయిలు తెరిచి ఉంచి, లోపల 10 లీటర్ల క్యాన్‌తో గడపడం మేలు. స్నానమా? ఆ చలిలో ఎవరడిగారు!