పిల్లలు గీసిన అరమైలు చరిత్ర

గోడ మీద గీతలు గీస్తే ఏ ఇంట్లోనైనా పిల్లలకు చివాట్లు తప్పవు. అమెరికాలోని లాస్‌ఏంజెలెస్‌లో మాత్రం హైస్కూలు వయసు పిల్లల్ని పిలిచి, చేతికి రంగులిచ్చి, పొడవాటి కాంక్రీటు గోడ చూపించారు. పైగా గీసినందుకు జీతం కూడా ఇచ్చారు! ఐదు వేసవుల్లో వాళ్లు వేసిన బొమ్మ పొడవు 2,754 అడుగులు, అంటే అరమైలుకు పైనే. ఎత్తు 13 అడుగులు. అదే 'గ్రేట్ వాల్ ఆఫ్ లాస్‌ఏంజెలెస్'.

వాగు కాస్తా కాలువై...

నగరానికి ఉత్తరాన ఉంది శాన్‌ఫెర్నాండో లోయ. అక్కడ కోల్డ్‌వాటర్ కెనియన్ రోడ్డు పక్కనే తుహంగా వాగు పారుతుంది. ఒకప్పుడు వానలొస్తే ఇష్టమొచ్చినట్టు పొంగేది. వరదలకు భయపడి సైన్యంలోని ఇంజినీర్ల విభాగం దాన్ని కాంక్రీటు కాలువగా మార్చేసింది. దాంతో వరద తగ్గింది, వాగు అందమూ పోయింది. 1974లో అదే విభాగం ఆ ఒడ్డును కాస్త అందంగా తీర్చిదిద్దాలనుకుని, గోడ మీద బొమ్మ వేయడం గురించి చిత్రకారిణి జూడీ బాకాను సంప్రదించింది.

జూడీ 1946లో ఆ నగరంలోనే పుట్టారు. పూర్వీకులది మెక్సికో. తాను చదివిన హైస్కూల్లోనే టీచరుగా చేరినప్పుడు, ఒకరితో ఒకరు కలవని వేర్వేరు జాతుల విద్యార్థులతో బడిలో ఓ కుడ్యచిత్రం వేయించారు. అందరూ కలిస్తే తప్ప పూర్తికాని పని అది. ఆ కిటుకు ఆమెకు బాగా నచ్చింది. 1970లో నాలుగు ముఠాలకు చెందిన 20 మంది కుర్రాళ్లను కూడగట్టి హోలెన్‌బెక్ పార్కులో చేతులు చాచిన ఓ అమ్మమ్మ బొమ్మ వేయించారు. వీధి మారితే కొట్టుకునే కుర్రాళ్లు ఒకే బొమ్మకు రంగులద్దారు.

కుంచె పట్టిన చేతులు

కాలువ గోడ పని 1976 వేసవిలో మొదలైంది. మొదటి జట్టులో 80 మంది పిల్లలు. వాళ్లలో చాలామంది చిన్న వయసులోనే పోలీసుల చేతికి చిక్కినవాళ్లు. తెల్లవాళ్లు, నల్లవాళ్లు, మెక్సికన్లు, ఆసియావాళ్లు... అంతా ఒకే చోట. ముందు చరిత్రకారులు, పాతతరం వాళ్లు వచ్చి కథలు చెప్పేవారు. వాటిని కాగితం మీద బొమ్మలుగా గీసి, గళ్ల లెక్కన గోడ మీదికి పెంచేవారు. ఎండకు కాంక్రీటు కాలిపోయేది. వానాకాలంలో కాలువలోకి నీళ్లొస్తాయి కాబట్టి వేసవిలోనే పని. ఆ ఒక్క ఏడాదే వెయ్యి అడుగులు పూర్తయింది! 1983 వరకూ 400 మందికి పైగా పిల్లలు ఇందులో పాలుపంచుకున్నారు.

పుస్తకాల్లో లేని పాఠం

గోడ వెంట నడుస్తుంటే కాలిఫోర్నియా కథ కళ్లముందు కదులుతుంది. మొదట ఆదిమకాలపు జంతువులు, ఆ తరవాత చూమాష్ తెగ ప్రజలు. ఇంకాస్త ముందుకెళితే 1871లో చైనీయుల మీద జరిగిన ఊచకోత, 1930లలో మెక్సికోకు తరిమేసిన కుటుంబాలు, రెండో ప్రపంచయుద్ధంలో నిర్బంధ శిబిరాలకు తరలించిన జపనీస్ అమెరికన్లు. ఓ చోట హైవేలు కొండచిలువల్లా ఒక కుటుంబాన్ని చుట్టేసి విడదీస్తుంటాయి. వాళ్ల ఇళ్లున్న చోట బేస్‌బాల్ స్టేడియం ఆకాశం నుంచి అంతరిక్షనౌకలా దిగుతుంటుంది. అప్పటి పాఠ్యపుస్తకాలు పెద్దగా పట్టించుకోని సంగతులివి. గీసినవాళ్లలో ఎందరికో అవి సొంత తాతముత్తాతల కథలే.

ఊరికి కాంక్రీటు కాలువ ఓ గాయపు మచ్చయితే, ఈ బొమ్మ దానిమీద పొడిచిన పచ్చబొట్టు అంటారు జూడీ. మచ్చను దాచదు కానీ అదెలా అయిందో చెబుతుంది.

ఇంకా పెరుగుతోంది

ఎండకూ వానకూ వెలిసిన రంగులకు 2011లో మళ్లీ మెరుగులు దిద్దారు. 2017లో ఈ గోడకు అమెరికా జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చోటు దక్కింది. బొమ్మ 1950ల దగ్గర ఆగింది. ఆ తరవాతి దశాబ్దాలనూ చేర్చడానికి 2021లో మెలన్ ఫౌండేషన్ 50 లక్షల డాలర్లు ఇచ్చింది. 2023-24లో లాస్‌ఏంజెలెస్ కౌంటీ మ్యూజియంలో సందర్శకుల కళ్లముందే కొత్త భాగాలు గీశారు. 2023లో జూడీ అమెరికా ప్రభుత్వపు జాతీయ కళా పతకం అందుకున్నారు.

చూడ్డానికి టిక్కెట్టు లేదు. ఆక్స్‌నార్డ్ వీధికీ బర్‌బాంక్ బూల్‌వార్డ్‌కూ మధ్య, కంచె ఇవతలి ఒడ్డు మీద నడుస్తూ ఎదుటి గోడను చూడొచ్చు. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు మాత్రం కాస్త తీరిక చేసుకుని వెళ్లాలి. ప్రతి బొమ్మ దగ్గరా 'వీళ్లెవరు? ఎందుకు ఏడుస్తున్నారు?' అని అడుగుతారు మరి!