ముగ్గురికీ ఒకే శాక్సోఫోన్



పోయిన నెల మీటింగులో "మన పిల్లలకు శాక్సోఫోన్ నేర్పించాలంటే ఏది కొనాల, ఎంతవుతుంది" అని అడిగితే అందరూ మా వైపే చూసినారు. ఆ రోజు రెండు ముక్కలు చెప్పి కూర్చున్నాం. ఇక్కడ రొంత నిదానంగా రాస్తాం. మేమంటే ముగ్గురం. ఒకరు రైల్వే గుమాస్తా (రాస్తా ఉండే చెయ్యి అదే), ఒకరు స్కూలు అయ్యవారు, ఒకరు గనుల వర్క్‌షాపులో ఫిట్టరు, 2001 ఫిబ్రవరి 28న గనులు మూసినప్పుడు ఇంటికొచ్చినవాడు. ముగ్గురమూ తమిళ మీడియమే. తెలుగు అక్షరాలు ఇంట్లో అమ్మల దగ్గర నేర్చుకున్నవి.

అరవై దాటినాక ఈ పిచ్చి ఏమిటని ఇండ్లల్లో అడిగినారు. కద్రి గోపాల్‌నాథ్ గారే కారణం. ఆయన తండ్రి నాగస్వర విద్వాంసుడు. కొడుకు మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సోఫోన్ విని, ఇంట్లో వాద్యం వదిలి దీన్ని పట్టుకున్నాడు. 1994లో 'డ్యూయెట్' సినిమా వచ్చినప్పుడు ఆ క్యాసెట్టు మన ఊరి టీ అంగళ్ళలో పొద్దుగూకులూ మోగింది. 2019 అక్టోబరులో ఆయన పోయినారని విన్న రాత్రి మేము మళ్ళీ అవే పాటలు పెట్టుకుని కూర్చున్నాం. అప్పుడే అయ్యవారు అన్నాడు, "మనం ఎప్పుడు నేర్చుకునేది?" ఆ మాట చేతల్లోకి రావడానికి ఇంకా మూడేండ్లు పట్టింది.

కొనే సంగతికి వస్తాం. అంగట్లో నాలుగు రకాలు చూపిస్తారు. నిలువుగా నాదస్వరం మాదిరి ఉండేది సొప్రానో. చూసేకి ముచ్చటగా ఉంటుంది గానీ కొత్తవాళ్ళకు దాంట్లో శ్రుతి నిలవదు. టెనర్ బరువు, గాలి జాస్తి కావాల. బారిటోన్ మాట ఎత్తొద్దు. మొదటిసారికి ఆల్టోనే సరి, రెండున్నర కిలోలుంటుంది, మెడ పట్టీతో తగిలించుకుంటే ముసలోళ్ళు కూడా మోస్తారు. పదేండ్ల లోపు పిల్లలకు అది కూడా పెద్దదే, వేళ్ళు అందవు.

కొత్త యమహా లక్ష దాటుతుంది. మీరట్ జలీ కోఠీలో చేసే బ్యాండు వాద్యాలు చౌక, కానీ ఒక్కోటి ఒక్కో రకంగా ఉంటాయి, వాయించి చూడకుండా తీసుకోకూడదు. మేము బెంగళూరుకు నాలుగుసార్లు పోయి, చివరికి ఒక పాత ఆల్టో 36 వేలకు తీసుకున్నాం. తలా 12 వేలు. మా ఫిట్టరు దాన్ని చీకటి గదిలో పెట్టించి, గొట్టం లోపల చిన్న బల్బు దించి, ఒక్కొక్క మూత మూసి చూసినాడు. వెలుతురు ఎక్కడ బయటికొస్తే అక్కడ గాలి కూడా పోతుంది. రెండు తోలు ప్యాడ్లు మార్చాలని తేలింది, ఆ ఖర్చు బేరంలో తగ్గించినాం. అంగడాయన మొహం చూడాల్సింది! పై మెరుపు పోయినా పరవాలేదు. మెడ గొట్టం వంగి ఉంటే మాత్రం వదిలేయండి.

వాద్యం ఒకటైనా మౌత్‌పీసు, రీడు ఎవరివి వాళ్ళవే. శుభ్రం కోసం ఇది తప్పదు. రీడు రెండో నంబరుది చాలు. ఒళ్ళంతా ఇత్తడైనా దీన్ని చెక్క వాద్యాల జాతిలో చేర్చేది ఆ రెల్లు ముక్క వల్లనే. నాదస్వరం శీవాళి తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు.

మా మాస్టరు ములబాగులు వైపు ఊరాయన, గుళ్ళలో, పెండ్లిండ్లలో వాయిస్తాడు. వయసులో మాకంటే చిన్న, అయినా మాస్టరనే పిలుస్తాం. మొదటి వారమంతా వాద్యం చేతికియ్యలేదు. మౌత్‌పీసు, మెడ గొట్టం, అంతే. "బుగ్గలు ఉబ్బించొద్దన్నా. గాలి కడుపులోనుంచి రావాల" అంటాడు. ఆ శబ్దానికి వీధి కుక్కలు జవాబిచ్చేవి.

సరళి వరుసలు మాయామాళవగౌళలో మొదలు. మా నోటు పుస్తకాల్లో "స రి క మ ప త ని" అనే ఉంటుంది, తమిళంలో గకారానికి, దకారానికి వేరే అక్షరాలు లేవు కదా. మాస్టరు ఎడమ చేతి మూడు వేళ్ళ జాగాను 'స' అన్నాడు. ఆల్టోలో అది ఆరున్నర కట్టై. మ దాకా హాయిగా పోతాం. మ అంటే ఒక్క నడిమి వేలు. ప అంటే ఆరు వేళ్ళూ ఒకేసారి పడాల, దాంతో ఎడమ బొటనవేలు వెనక మీట నొక్కాల. ఆ ఒక్క అడుగు దగ్గర మాకు రెండు నెలలు గడిచినాయి.

ఇంక ఒక మాట, ఇది మీటింగులో చెప్పలేదు. మా ముగ్గురి నాన్నలూ లోపల దిగినవాళ్ళే. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని, చివరి ఏండ్లలో రాత్రుళ్ళు పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునేవాళ్ళు. ఫిట్టరు తండ్రి ఇంటి ముందర నాలుగు మెట్లెక్కేకి మధ్యలో ఒకసారి ఆగేవాడు. అందుకే శాక్సోఫోన్ అనగానే ఫిట్టరు భార్య గట్టిగా అడ్డం పడింది. "మీ నాయనకు లేని గాలి నీకెక్కడిది? ఉండేది కూడా దీంట్లో ఊదేస్తావా?" అన్నది. ఆమె మాటకు మేమెవరం బదులు చెప్పలేకపోయినాం. డాక్టరు దగ్గరికి పోయి ముగ్గురమూ ఎక్స్‌రే తీయించుకుని, ఆయన సరేనన్నాకనే మొదలుపెట్టినాం. మొదట్లో సైనైడ్ దిబ్బల పక్కన మైదానంలో వాయించుకుందామని అనుకున్నాం, ఎవరికీ ఇబ్బంది ఉండదని. గాలి లేస్తే అక్కడ లేచే దుమ్ము చూసి ఆ ఆలోచన మానుకున్నాం. సంఘం గది అడిగింది అందుకే.

ఒకే స్వరం పట్టి నిలబెట్టడం రోజూ చేస్తాం. గడియారం పెట్టుకుని లెక్క రాస్తాం, గుమాస్తా బుద్ధి. మొదటి రోజు ఫిట్టరుకు 5 సెకన్లు. ఈ వారం 17. ఆ పుస్తకాన్ని ఆయన భార్యే అడిగి తీసుకుని చూసింది. ఏమీ అనలేదు, పైన తారీఖు సరిగ్గా ఉందా అని మాత్రం అడిగింది.

పిల్లల విషయానికి మా అభిప్రాయం ఇది. సంఘం డబ్బుతో చౌకవి నాలుగు కొనకండి, మంచి పాత ఆల్టో ఒకటి కొనండి, మౌత్‌పీసులు నాలుగు తీసుకోండి. ప్యాడ్లు, స్ప్రింగులు ఫిట్టరు చూసుకుంటానన్నాడు, కూలి వద్దట. మాస్టరు జీతం మాత్రం నెలనెలా తప్పకూడదు, ఆయన బస్సు చార్జీ కూడా కలిపి ఇవ్వాల.

వినాలనుకునేవాళ్ళు శనివారం సాయంత్రం 5 నుంచి 6 లోపల గదికి రండి. 6 తర్వాత వాయించం, పక్కింటి పాప ఎస్సెల్సీ చదువుతా ఉంది.